మూల నాది

జూన్ 3

పళ్ళ డాక్టరమ్మ ఈరోజు కొట్టుకి వచ్చింది. పళ్ళు పీకే మనిషి నవ్వుకుంటూ వచ్చిందంటే ఏదో ఉందని ముందే అనుమానించాల్సింది. నవ్వుతూనే కూర్చుంది, నవ్వుతూనే మంచినీళ్ళు తాగింది, నవ్వుతూనే అంది, "మా ముందు హాల్లో పరచడానికి మీరు కోసిచ్చిన షీటు మా నేల కంటే పెద్దదండీ."

అంచుల్లో తరుగు పోతుందని, గోడలు వంకరగా ఉంటాయి కాబట్టి రెండు వేళ్ళు ఎక్కువే కోస్తామని చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విన్నది.

"రెండు వేళ్ళు కాదండీ, ఒక చిన్న గదంత ఎక్కువ. నిన్న పేషెంట్లు లేనప్పుడు నేనూ మా నర్సూ టేపు పెట్టి కొలిచాం."

ఆ హాలు ఎల్ ఆకారంలో ఉంటుందట. నాకేం తెలుసు? కొలతలు తమ్ముడివి, కటింగ్ నాది. నా చేతికి వచ్చేవి రెండు ముక్కల అంకెలే. పొడుగు ముక్క ఎనిమిది అడుగుల వెడల్పు, ఇరవై పొడవు. అడ్డ ముక్క ఎనిమిది వెడల్పు, పదిహేను పొడవు. నూట అరవై, నూట ఇరవై. మొత్తం రెండు వందల ఎనభై చదరపు అడుగులు. అంతే కోశాను.

"మరి రెండూ కలిసే మూల?" అంది డాక్టరమ్మ. "ఆ ఎనిమిదీ ఎనిమిదీ పొడుగు ముక్కలోనూ ఉంది, అడ్డ ముక్కలోనూ ఉంది. నేల మీద మాత్రం ఒక్కటే ఉంది."

అరవై నాలుగు అడుగులు. నేల రెండు వందల పదహారే.

నాకు ఒళ్ళు మండింది. లెక్క మీద కాదు, లెక్క చెప్పినావిడ మీద. "మా తమ్ముడు పొరపాటు పడే రకం కాదు" అన్నాను. "ఒకవేళ పడి ఉంటే సరిచేస్తాం" అని కూడా అన్నాను. రెండూ ఒక్క గుక్కలో అనేశాను. ఆవిడ మళ్ళీ నవ్వి లేచింది.

జూన్ 4

పొద్దుట్నుంచీ కత్తెర పట్టుకున్నా అదే ఆలోచన.

నాన్న నన్నూ తమ్ముణ్ణీ వెంటేసుకుని కొలతలకి వెళ్ళేవాడు. ఎల్ గది తగిలితే మాకు పండగే. పొడుగు ముక్క నాకు, అడ్డ ముక్క చిన్నోడికి. చెరో చివర నుంచీ టేపు లాక్కుంటూ వచ్చి మూలలో కలిసేవాళ్ళం. ముందుగా "మూల నాది!" అని ఎవరు అరిస్తే మూల వాళ్ళ లెక్కలోకి పోతుంది. వాళ్ళు అక్కడ సుద్దముక్కతో ఇంటూ గుర్తు గీయాలి. రెండోవాళ్ళు తమ ముక్కలోంచి దాన్ని తగ్గించుకోవాలి. నాన్న పెట్టిన పద్ధతి ఇది. వేరే కొట్లవాళ్ళు కాగితం మీద బొమ్మ వేసుకుని గీతలు కొట్టుకునేవాళ్ళు. మాకు అరుపు చాలు.

ఎప్పుడూ చిన్నోడే గెలిచేవాడు. నాకు గొంతు లేక కాదు. వాడు మూలలో గంతులేసి, నాలుక బయటపెట్టి ఇంటూ గీస్తుంటే ముచ్చటేసేది, నోరు మూసుకునేదాన్ని. తగ్గించుకోవడం నా వంతు. బళ్ళో తీసివేతల్లో నాకే ఎక్కువ మార్కులు వచ్చేవి.

మేము తోడు వెళ్ళని రోజుల కోసం నాన్న దగ్గర ఒక పొడుగాటి మేకు ఉండేది. దాన్ని గోడ వారన గుచ్చి, టేపు కొక్కెం తగిలించి, ఒక్కడే కొలుచుకునేవాడు. నాన్న పోయాక ఆ మేకు చిన్నోడి జేబులోకి వెళ్ళింది.

అదీ సంగతి. మేకుని తోడు పెట్టుకుని కొలిచేవాడికి మూల ఎవరిదో ఎవరు చెప్తారు, పాపం? ఇటు కొలిచేటప్పుడు మూల నాది అనుకుని ఉంటాడు, అటు కొలిచేటప్పుడూ మూల నాదే అనుకుని ఉంటాడు. ఎదురుగా తగ్గించుకునేవాళ్ళు లేరు కదా.

జూన్ 5

పొరపాటే.

జూన్ 7

చిన్నోణ్ణి అడిగాను. "చిన్నోడు" అంటున్నాను గానీ వాడికి నెత్తి మీద సగం జుట్టు పోయింది. పడీపడీ నవ్వాడు.

"అక్కా, ఆవిడకి పళ్ళ మధ్య సందులు వెతకడం అలవాటు. నేల మీద కూడా వెతికింది."

నాకూ నవ్వొచ్చింది. అదే వాడితో చిక్కు, కోపంగా మొదలుపెట్టిన మాట నవ్వుతో అయిపోతుంది. "ఒక్కణ్ణే రెండు చేతులతో నాలుగు గోడలూ కొలవాలి. ఎక్కడో తప్పి ఉంటుంది. నేను వెళ్ళి మాట్లాడతాలే" అన్నాడు.

తర్వాత కటింగ్ బల్ల మీద ఎక్కి కూర్చుని, చిన్నప్పటిలాగే కాళ్ళాడిస్తూ, అసలు మాట చెప్పాడు. కొట్టుని రెండు చేద్దామట. వాడు గుమ్మాల దగ్గర, స్నానాల గదుల్లో వేసుకునే చిన్న చిన్న మ్యాట్లు అమ్ముతాడట. మధ్యలో ఒక గోడ. కొలతలకి ఎప్పటిలాగే వస్తాడట.

"గొడవేం లేదక్కా. చెరి సగం. నువ్వు ఊ అంటే బాబాయిని పిలుస్తాను."

మా కొట్టు వీధీ సందూ కలిసే చోట ఉంది. ఒక ముక్క వీధి వెంట, ఒక ముక్క సందు వెంట. రెండూ కలిసే మూలలో షట్టరు. షట్టరు ఎదురుగా నాన్న చేయించిన కటింగ్ బల్ల. రెండు వైపుల కిటికీల నుంచీ వెలుతురు వచ్చేది అక్కడొక్కచోటే. షీటు మీద గీత గీస్తే నీడ పడదు. పెళ్ళికి ముందూ ఆ తర్వాతా నా బతుకంతా ఆ బల్ల దగ్గరే గడిచింది.

మా ఆయనకి చెప్పాను. బస్సు నడిపీ నడిపీ ఆయనకి ఎదుటివాడు ఎటు తిరుగుతాడో ముందే చూడటం అలవాటు. "మీవాడికి పొరపాట్లు కూడా లాభసాటిగానే వస్తాయే" అన్నాడు. నా పుట్టింటివాళ్ళని అంటే నేను ఊరుకోనని తెలుసు కాబట్టి, అనేసి స్నానానికి వెళ్ళిపోయాడు.

జూన్ 10

బాబాయి వచ్చాడు. మా నాన్న తమ్ముడు, తపాలా ఆఫీసులో ఉత్తరాలు పంచి రిటైరయ్యాడు. మాకు మిగిలిన పెద్దదిక్కు ఆయనే. నేను ఒక లైబ్రరీవాళ్ళ షీటు కోస్తున్నాను. సగంలో కత్తెర ఆపితే గీత పోతుంది. కోస్తూనే విన్నాను.

చిన్నోడు టేపుతో గబగబా ఇటూ అటూ తిరిగాడు. "వీధి ముక్క పది అడుగుల వెడల్పు, ముప్పై పొడవు. మూడు వందలు. అది అక్కకి. సందు ముక్క పది అడుగుల వెడల్పు, ముప్పై పొడవు. మూడు వందలు. అది నాకు. చూశావా బాబాయ్, నాన్న మా కోసమే కట్టించినట్టుంది."

"అమ్మాయ్, నీకు సమ్మతమేనా?" అన్నాడు బాబాయి.

ఊ అన్నాను.

పది ముప్పై, పది ముప్పై. సమానమే కదా. నాన్న ఉంటే సంతోషించేవాడు. వీధివైపు ముక్క నాకే ఇచ్చాడు చూడు, ఎంతైనా అక్కనని.

జూన్ 12

సంగీతం మాస్టారి దగ్గర్నుంచి ఫోను. షీటు ఎక్కువైందట, ఆయన గది కూడా ఎల్ ఆకారమేనట. నేను తీయలేదు, మా ఆయన తీశాడు. నాకు చెప్పేటప్పుడు ఆయన ముఖంలో ఏ భావమూ లేదు. ఏ భావమూ పెట్టుకోకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాడనిపించింది.

మధ్యాహ్నం షీట్లు పరిచే మోకాళ్ళ తాత వచ్చాడు. రోజంతా మోకాళ్ళ మీదే పాకుతాడు కాబట్టి ఆ పేరు. మాటల మధ్యలో అడిగాను, ఎల్ గదుల్లో ముక్క మిగులుతోందా అని.

"మిగలదా మరి? పొడుగుది పరిచాక అడ్డది దాని మీదికి ఎక్కి కూర్చుంటుంది. ఎక్కినంత మేరా కోసేస్తాను. చక్కగా చదరంగా వస్తుంది."

"ఆ ముక్క ఏం చేస్తావు?"

"నేనేం చేస్తానమ్మా? సాయంత్రం తమ్ముడుగారు వచ్చి చుట్టి తీసుకెళ్తారుగా. మీరే తెమ్మన్నారన్నారే!"

అవునవును, నేనే తెమ్మన్నాను అన్నాను. ఎందుకలా అన్నానో తెలియదు. తాత ముందు ఇంటి గుట్టు ఎందుకని అయ్యుంటుంది.

చిన్నోడు పొదుపరి. పారేయడం వాడికి చేతకాదు. చిన్నప్పుడు అరిగిపోయిన సుద్దముక్కలు కూడా డబ్బాలో దాచుకునేవాడు.

జూన్ 16

చిన్నోడు ఇంటి హాలు పెంచి కట్టించుకున్నాక నేను చూడలేదు. మరదలు ఎన్నాళ్ళుగానో పిలుస్తోంది, ఈరోజు వెళ్ళాను.

హాలు బాగుంది. ఎల్ ఆకారం. చెక్క రంగు షీటు, నేనే కోసింది. అతుకు కూడా కనపడటం లేదు.

"మీ తమ్ముడి లెక్క అంటే లెక్కే వదినా! ఒక్క అరచేతంత ముక్క కూడా మిగల్లేదు, తెలుసా?" అంది మరదలు. పిచ్చిది, మురిసిపోతూ అంది.

ఆ షీటు కొలతలు నాకు గుర్తున్నాయి. ఒకటి పది, పద్దెనిమిది. రెండోది పది, ఎనిమిది. కోసేటప్పుడు రెండోది అంత పొట్టిగా ఎందుకో అనుకున్నాను కూడా. ఇప్పుడు హాల్లో నిలబడి చూస్తే రెండు వైపులా గోడ ఒక్కలాగే ఉంది. మరదలు కాఫీ పెట్టడానికి వెళ్ళినప్పుడు అడుగులో అడుగు వేసి చూశాను. ఇటూ పద్దెనిమిదే, అటూ పద్దెనిమిదే. రెండో దాంట్లోంచి మూల తగ్గించి రాశాడు.

కాఫీలో చక్కెర ఎక్కువైంది.

చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్తే, అక్కడ గదిలో చుట్టలు చుట్టలుగా ముక్కలు. బూడిద రంగు మీద తెల్ల చుక్కలది పళ్ళ డాక్టరమ్మది. ఆకుపచ్చది సంగీతం మాస్టారిది. గళ్ళది ట్యూషన్ సెంటరుది. నేను కోసినవి నాకు తెలియవా? ప్రతిదాన్నీ గుర్తుపట్టాను. అన్నీ చదరాలే.

హాలు బాగుంది.

జూన్ 17

తలనొప్పి. కొట్టు తీయలేదు.

జూన్ 18

తన ఇల్లు కాబట్టి కాస్త జాగ్రత్తగా కొలుచుకుని ఉంటాడు. ఎవరైనా అంతే కదా.

జూన్ 20

ఈరోజు జరిగింది జరిగినట్టు రాస్తాను. నాకు నేను నచ్చజెప్పుకోవడం ఇక చాలు.

గోడ కట్టే మేస్త్రీ వచ్చాడు. దారానికి సుద్దపొడి పట్టించి, రెండు చివరలా బిగించి, ఫట్‌మని లాగి వదిలాడు. నేల మీద తెల్లగా గీత పడింది. నా బల్లకి ఇవతల పడింది. బల్ల, షట్టరు, రెండు కిటికీలు, అన్నీ గీతకి అవతల.

"ఇదేంటయ్యా, గీత తప్పింది" అన్నాను.

"సందు ముక్క ముప్పై అడుగులమ్మా. మూలతో కలిపితేనే ముప్పై. అయ్యగారు అలాగే చెప్పారు."

"మరి నా ముప్పై?"

మేస్త్రీ టేపు పెట్టి చూశాడు. గీత నుంచి నా చివరి గోడ దాకా ఇరవై. మళ్ళీ కొలిచాడు, ఇరవయ్యే. టేపు చుట్టేసి, తనకి ఇంకో చోట పని ఉందని వెళ్ళిపోయాడు. తెలివైనవాడు.

చిన్నోడు అక్కడే ఉన్నాడు. షట్టరుకి ఆనుకుని.

"ఒరే, మూల రెండుసార్లు లెక్కపెట్టావు. నాలోనూ పెట్టావు, నీలోనూ పెట్టావు. చెప్పేటప్పుడు ఇద్దరికీ మూడొందలు, కట్టేటప్పుడు నాకు రెండొందలా?"

"బాబాయి ముందే చెప్పాను కదక్కా. పైకే చెప్పాను. నువ్వే ఊ అన్నావు."

"నువ్వు కొలిచావని ఊ అన్నానురా!"

అది విని కాస్త తల దించుకుంటాడనుకున్నాను. దించుకోలేదు. మెల్లగా, బుజ్జగిస్తున్నట్టు అన్నాడు, "ఎందుకక్కా కోపం? చిన్నప్పట్నుంచీ మూల నాకే కదా ఇచ్చేదానివి."

కొట్టినా బాగుండేది. నేను ముచ్చటపడి ఇచ్చినదాన్ని వీడు హక్కుగా రాసుకున్నాడు. అంతకంటే ఘోరం, వీడికి నా చేతకానితనం మీద ఉన్న నమ్మకం. లెక్క తెలిసిన అక్క, మూలల మధ్య బతికిన అక్క, తన కొట్టులో తన కాళ్ళ కింద ఉన్న మూలని లెక్కపెట్టుకోదని వీడికి తెలుసు. ఎందుకంటే కొలిచింది తమ్ముడు కదా.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని అమ్మ అనేది. నానబోసింది నేనే.

జూన్ 21

మా ఆయన "నేను చెప్పలేదూ" అంటాడేమోనని కాచుకుని కూర్చున్నాను. అనలేదు. కూర తరిగి పెట్టి డ్యూటీకి వెళ్ళాడు. అంటే బాగుండేది, కొంత కోపం ఆయన మీద ఖర్చయ్యేది.

జూన్ 23

పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. తప్పు మాదేనని, ఆవిడ లెక్కే సరైనదని చెప్పడానికి. చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"పర్వాలేదండీ. మీ తమ్ముడుగారు అప్పుడే వచ్చి చెప్పారు. పాపం, చాలా బాధపడ్డారు. అక్కకి ఈ మధ్య లెక్కలు గుర్తుండటం లేదు, చేతికొచ్చినంత కోసేస్తోంది, పైకి అంటే చిన్నబుచ్చుకుంటుందని మేమే సర్దుకుంటున్నాం, అన్నారు. మీరు ఒకసారి డాక్టరుకి చూపించుకోండి."

నేను మాట్లాడతాలే అన్నాడు కదా. ఇదీ మాట్లాడింది.

సంగీతం మాస్టారితోనూ ఇదే చెప్పి ఉంటాడు. ట్యూషన్ సెంటరులోనూ. నేను వాడిది పొరపాటని ఊరంతా వెనకేసుకొస్తుంటే, వాడు నాది మతిమరుపని ఊరంతా చెప్పుకొచ్చాడు.

దారిలో ఎక్కడా ఏడవలేదు. ఇంటికొచ్చి, గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ ఏడ్చాను. ఒక చెప్పు కాలికే ఉంది.

జూన్ 24

బాబాయికి చెప్పాలా? కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది. వాడు దొంగ అంటే దొంగకి అక్కనే కదా నేను.

మూల పోతే బల్ల పోతుంది. వెలుతురు లేని ఆ ఇరవై అడుగుల్లో నేను గీత గీయలేను. గీత వంకరపోతే అప్పుడు వాడు చెప్పిందే నిజమవుతుంది.

జూన్ 25

బాబాయి ఇంటికి వెళ్ళాను. మొదట వినలేదు. "ఇద్దరికీ మూడొందలని నా చెవులతో విన్నాను, ఇందులో మోసం ఎక్కడుందే?" అన్నాడు. నాలుగుసార్లు చెప్పినా అదే మాట.

దండెం మీద రెండు తువ్వాళ్ళు ఆరేసి ఉన్నాయి, ఒకే కొలతవి. తీసుకొచ్చి మంచం మీద పరిచాను. ఒకటి నిలువుగా, రెండోది అడ్డంగా, మూల మీద మూల ఎక్కేలా.

"బాబాయ్, ఇదే మన కొట్టు. ఇది నాకన్నాడు, ఇది తనకన్నాడు. ఇక్కడ పట్టుకుని చూడు."

బాబాయి మూల దగ్గర రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. వేళ్ళు రుద్ది చూశాడు. "ఇక్కడ రెండు పొరలున్నాయే" అన్నాడు.

"తువ్వాలైతే రెండు పొరలుంటాయి. నేల ఒక్క పొరే కదా."

బాబాయి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఉత్తరాలు పంచాను. ఒకే ఉత్తరం రెండిళ్ళకి ఎప్పుడూ ఇవ్వలేదు. ఈ ముసలితనంలో నాచేత అదీ చేయించాడా వెధవ!"

లేచి చొక్కా వేసుకున్నాడు. రేపటిదాకా ఆగమన్నా వినకపోతే పిన్ని అడ్డం పడి ఆపింది.

జూన్ 26

బాబాయి, నేను, చిన్నోడు. మేస్త్రీ దూరంగా నిలబడ్డాడు.

"మీ నాన్న ఎలా కొలిపించేవాడో అలా కొలవండి. నా కళ్ళ ముందు. మొదట అమ్మాయి ముక్క, తర్వాత నీ ముక్క. ఇద్దరూ చెరో చివరా పట్టుకోండి" అన్నాడు బాబాయి.

నేను టేపు తీశాను. కొక్కెం వైపు చిన్నోడికి ఇచ్చాను. ఎన్నేళ్ళయిందో మేమిద్దరం ఒకే టేపు పట్టుకుని. నేను వీధి ముక్క చివరి గోడ దగ్గర నిలబడ్డాను. వాడు కొక్కెం పట్టుకుని నడుస్తూ నడుస్తూ మూల దాకా వెళ్ళాడు. బల్ల పక్కన ఆగాడు.

ఆగి, నా వైపు తిరిగి, నవ్వాడు. అదే నవ్వు. ఆ వయసు మనిషి, సగం జుట్టు పోయిన మనిషి, తల ఒక పక్కకి వాల్చి, మెల్లగా, ముద్దుగా అన్నాడు.

"మూల నాది."

బాబాయికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఇన్నేళ్ళూ ఆ మాట ఒక్కసారి కూడా ఓడిపోలేదు. ఈసారీ నేను నవ్వుతాననీ, నోరు మూసుకుంటాననీ, తగ్గించుకుంటాననీ వాడికి అనుమానం కూడా లేదు. నిజం చెప్పాలంటే నా పెదవులు నవ్వడానికి సిద్ధమయ్యాయి కూడా. అలవాటు ఎంత చెడ్డది!

"సగం నాది" అన్నాను.

వాడికి వినపడలేదేమో అనుకున్నాను. "మొత్తం అయిదొందలు. చెరి రెండొందల యాభై. మూలలో సగం నీది, సగం నాదిరా. నా సగం బల్ల వైపు."

నవ్వు కొంచెం కొంచెంగా పోయింది. చిన్నప్పుడు వాడి ముఖంలో నేను ఎప్పుడూ చూడని ముఖం ఒకటి బయటికొచ్చింది. ఎవరో బయటివాడిది. వాడు కొక్కెం వదిలేశాడు. టేపు సర్రున వెనక్కి వచ్చి నా వేళ్ళకి తగిలింది. వెనక్కి వస్తుందని వాడికి తెలుసు. నాన్న మాకు మొట్టమొదట నేర్పింది అదే, అవతలివాళ్ళకి చెప్పకుండా టేపు వదలొద్దని.

"అంతేనా అక్కా?" అన్నాడు.

"అంతే."

మేస్త్రీ కొత్త గీత కొట్టాడు.

జూన్ 27

వేలు వాచింది. చూపుడు వేలు.

జూలై 2

గోడ లేచింది. షట్టరు సగం నాకు, సగం వాడికి. ఒక కిటికీ నాకు వచ్చింది. బల్లని గోడకి ఆనించి తిప్పి వేశాం. ఒకవైపు నుంచే వెలుతురు, మధ్యాహ్నం తర్వాత నీడ పడుతోంది. పొద్దున్నే కోసుకుంటే సరిపోతుంది.

వాడు సామాను సర్దుకునేటప్పుడు నేను లేను. వచ్చి చూస్తే బల్ల మీద నాన్న మేకు ఉంది. మరిచిపోయాడో, ఇచ్చాడో, ఇక కొలతలకి రానని చెప్పాడో తెలియదు. అడగను.

జూలై 5

గోడ అవతల వాడి గొంతు వినిపిస్తూ ఉంటుంది. చిన్న మ్యాట్లు బాగానే పోతున్నట్టున్నాయి. ఎవరో "ఈ బూడిద రంగుది భలే ఉందండీ, ఎక్కడిది?" అన్నారు. వాడేదో చెప్పాడు. వాళ్ళు నవ్వారు.

నాకూ నవ్వొచ్చేదే, ఇంతకు ముందయితే.

జూలై 9

పళ్ళ డాక్టరమ్మ కబురు పెట్టింది. లోపలి గదికి షీటు వెయ్యాలట. ఏ డాక్టరుకీ చూపించుకోలేదనీ, అయినా కొలతకి నేనే వస్తాననీ చెప్పాను. "రండి, నేను మళ్ళీ కొలుచుకుంటాను, మీరేమీ అనుకోవద్దు" అంది. కొలుచుకోండి అన్నాను. ఇక నుంచి అందరూ కొలుచుకోవాలి. నేను కూడా.

ఆ గదీ ఎల్ ఆకారమే. నర్సు తోడు వస్తానంది, వద్దన్నాను. మేకు గుచ్చి, కొక్కెం తగిలించి, పొడుగు ముక్క కొలిచాను. మేకు తీసి అటు గుచ్చి అడ్డ ముక్క కొలిచాను. కొలుస్తూ కొలుస్తూ మూలలోకి వచ్చాను. సంచిలోంచి సుద్దముక్క తీసి కింద కూర్చున్నాను.

వెంటనే గీయలేదు. ఎవరూ లేరని తెలుసు, అవతల ఉన్నది మేకని తెలుసు. అయినా ఎందుకో కొంచెంసేపు ఆగాను.

ఎవరూ ఏమీ అనలేదు. ఇంటూ గీసి, మూల ఒక్కసారే తగ్గించి, లెక్క రాసుకుని వచ్చేశాను.